పేరు ఒకటి, వ్రాతలు పది

మన గ్రంథాలయము 25 ఏండ్లు నిండి రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ శుభసందర్భమున, గ్రంథములను గూర్చియు, దాతలను గూర్చియు, ఇచటికి విచ్చేసిన పెద్దలను గూర్చియు వ్రాయువారు ఈ సంచికలో పెక్కుమంది కలరు. నేను మాత్రము మన బీరువాలో అడుగు అరలోనుండు ఒక వస్తువును గూర్చి వ్రాయదలచితిని. అది చందాదారుల పట్టిక. దానిని తెరచి చూచువారు అరుదు. కాని మన గ్రంథాలయము చేసిన ఒక పొరపాటు అందు వ్రాయబడియున్నది. ఆ పొరపాటు నుండియే ఈ వ్యాసము పుట్టినది.

తొలి సంవత్సరములలో పట్టిక వ్రాయు కార్యకర్తలు తరచుగా మారుచుండిరి. ఒక చందాదారుని పేరును ఒకరు ఒక తీరునను, మరియొకరు వేరొక తీరునను వ్రాసిరి. ఆయన పేరు ఇచట చెప్పుట భావ్యము కాదు. మల్లయ్య, మల్లేశము అను జంట వంటిదే యని గ్రహింపుడు. పుస్తకము ఇచ్చిన పుటలో మొదటి రూపమున్నది. తిరిగి పుచ్చుకొన్న పుటలో రెండవ రూపమున్నది. సంవత్సరాంతమున లెక్కలు చూచినవారికి పుస్తకము బాకీయున్న మనిషి ఒకడును, తాను తీసికొనని పుస్తకమును తెచ్చియిచ్చిన మనిషి మరియొకడును కనబడిరి. ఆయనను పిలిచి పుస్తకము వెల యడిగితిమి. ఆయన కూలి చేసి బ్రదుకువాడు. ఎదురు చెప్పలేదు. పైకము చెల్లించి వెడలిపోయెను. మరల గ్రంథాలయము మెట్లెక్కలేదు. పుస్తకము అరలోనే యున్నది. మేము పట్టికను నమ్మితిమి గాని అరవైపు చూడలేదు. రెండేండ్ల తరువాత పట్టికలను సరిచూచుచుండగా ఆ ఇద్దరును ఒక్కరే యని తెలిసినది. పైకము తిరిగి యిచ్చితిమి. ఆ రెండేండ్ల చదువును మాత్రము తిరిగి ఇయ్యలేకపోతిమి.

ఈ దోషము మన ఊరిది మాత్రమే కాదు. నేటిది మాత్రమే కాదు. పేరును పట్టికలో ఒకే తీరున వ్రాయుట యెట్లు అను ప్రశ్నకు వందలయేండ్ల చరిత్ర కలదు. ఆ చరిత్రను తెలిసికొనుటకు మన పిల్లలు చదువునిమిత్తము పోవుచున్న హైదరాబాదు నగరమున మూడు పేటలను చూచినచో చాలును. అవి నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్.

మూడు పేటలు, మూడు చిక్కులు

ఈ మూడు పేటలును ఒకదానిని ఒకటి ఆనుకొనియున్నవి. నగర కేంద్ర గ్రంథాలయము ఆ ప్రాంతముననే కలదు. ప్రభుత్వోద్యోగముల పోటీ పరీక్షలకు తయారగుచున్న యువతీయువకులు జిల్లాలనుండి వచ్చి, ఇరుకు గదులలో నివసించుచు, ప్రొద్దున లేచి ఆ గ్రంథాలయమున చోటు పట్టుకొని చదువుకొందురు. మన ఊరినుండి పోయినవారును వారిలో నున్నారు. వారు దరఖాస్తులలో వ్రాయు చిరునామాలను చూడుడు. ఆ పేటల పేర్లే మన చిక్కును చక్కగా తెలుపును.

మొదటిది చిక్కడపల్లి. కొందరు చిక్కడపల్లి యందురు. కొందరు చిక్కడ్‌పల్లి యందురు. దుకాణముల పలకలమీద రెండును కనబడును. ఇట్లు అచ్చు ఒకటి జారిపోవుట మొదటి చిక్కు. రెండవది నారాయణగూడ. ణకారము పలుకని నోటిలో అది నారాయన్‌గూడ యగును. ఇట్లు ఒక హల్లు మరియొక హల్లుగా మారుట రెండవ చిక్కు. మూడవది అశోక్‌నగర్. ఇందు అక్షరములపై తగవు లేదు. అశోక్ తరువాత ఎడము విడువవలెనా, కలిపి వ్రాయవలెనా అనునదే ప్రశ్న. ఎడము ఉండుటయు లేకుండుటయు మూడవ చిక్కు. మనుష్యుల పేర్లకును ఈ మూడు చిక్కులే వచ్చుచున్నవి. వేంకటేశ్వర్లు, వెంకటేశం, వెంకటేష్ అనునవి మొదటి రెండింటికి నిదర్శనములు. వెంకట రమణ, వెంకటరమణ అనునవి మూడవదానికి నిదర్శనము.

ఉత్తరము తెచ్చు తపాలా బంట్రోతునకు ఈ భేదముల వలన ఇబ్బంది లేదు. ఆయన చిక్కడపల్లి యన్నను చిక్కడ్‌పల్లి యన్నను అచటికే పోవును. మనిషికి తెలివి కలదు గనుక మనిషి మధ్యనున్నంతవరకు వ్రాతలోని లోపము కప్పబడియుండును. మనిషి తప్పుకొని పట్టిక మాత్రమే మిగిలిననాడు ఆ లోపము బయటపడును. పట్టిక వ్రాసినవాడు గతించిన తరువాత, లేదా వ్రాసినవాడు ఒక భాషవాడు, చదువువాడు వేరొక భాషవాడు అయినప్పుడు, పేరు చిక్కులలో పడును. హైదరాబాదు రాజ్యమున జరిగినది అదియే.

ఉర్దూ దస్త్రములలో తెలుగు పేర్లు

నిజాము ప్రభుత్వపు కచేరీభాష మొదట పారసీకము. 1880 దశకమున దానిస్థానమున ఉర్దూ వచ్చెను. ప్రజలలో అధికసంఖ్యాకులు తెలుగు, మరాఠీ, కన్నడములు మాటలాడువారు. భూమిశిస్తు దస్త్రములు, కోర్టు తీర్పులు, కచేరీ ఉత్తరువులు మాత్రము ఉర్దూ లిపిలో నడచెను. ఆ లిపి సుందరమైనది. వేగముగా వ్రాయుటకు అనుకూలమైనది. అయితే అందు హ్రస్వములగు అచ్చులను సామాన్యముగా వ్రాయరు. చదువువాడు సందర్భమునుబట్టి పూరించుకొనవలెను. ఆ భాష మాటలు తెలిసినవానికి ఇది కష్టము కాదు. తెలుగు పేరు తెలియనివానికి మాత్రము పూరించుకొను ఆధారము లేదు. చిక్కడపల్లి యను పేరులో డకారము తరువాతి అకారము ఆ లిపిలో వ్రాతకు రాదు. కావున ఆ వ్రాత రెండు పలుకుబళ్లకును తావిచ్చును. ణకారమునకును ళకారమునకును ఆ లిపిలో ప్రత్యేకాక్షరములు లేవు. న, ల లతోనే సరిపుచ్చుకొనవలెను. వకారమునకును, ఊ, ఓ, ఔ లకును ఒక్క అక్షరమే పనిచేయును.

ఇది లిపి దోషము కాదు. ఏ లిపియైనను తన భాష కొరకు పుట్టినదే. తెలుగు లిపిలో ఉర్దూ పేరులు వ్రాయుటయు ఇంతే కష్టము. కాని దీని ఫలితమును అనుభవించినవాడు రైతు. సేత్వారునందును పహాణీయందును తాత పేరు ఉర్దూలో ఎక్కినది. మనుమని నాటికి దానిని తెలుగులోనికి మార్చినవారు తమకు తోచినట్లు పూరించి చదివిరి. తెలంగాణమున భూమి తగవులు వచ్చినప్పుడు నేటికిని 1954-55 నాటి ఖాస్రా పహాణీని తెరచి చూతురు. అందలి వ్రాతలు పెక్కు ఉర్దూలో నున్నవి. ఎల్లయ్య యను పేరు చదువుటలో కొంచెము మారినను, ‘ఈయన ఆయన మనుమడేనా?’ అను ప్రశ్న పుట్టును. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకొనవలసిన బరువు పేరు మార్చినవానిమీద పడదు, పేరుగలవానిమీద పడును.

తెలుగు వారికి నగరమున ఒక గ్రంథాలయము కావలెనను తలంపు ఈ వాతావరణముననే కలిగినది. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపితమైనది. కొమర్రాజు లక్ష్మణరావుగారు, నాయని వేంకటరంగారావుగారు, రావిచెట్టు రంగారావుగారు అందు ముఖ్యులు. 1921లో ఆంధ్ర జనసంఘము వెలసినది. 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను ప్రారంభించిరి. తెలంగాణమున తెలుగు కవులే లేరన్న ఒక మాట పుట్టినప్పుడు ప్రతాపరెడ్డిగారు కోపముతో ప్రసంగింపలేదు. ఊరూర నున్న కవుల పేర్లను, పద్యములను సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందు 354 మంది కవులు కలరు. అంతకు ముందును ఆ కవులు ఉన్నవారే, పద్యములు చెప్పుచున్నవారే. ఒకచోట పేర్లు ఎక్కలేదు గనుక పైవారికి వారు లేనివారైరి. పేర్లు క్రమముగా ఎక్కగనే ఉన్నవారైరి. పేర్ల పట్టికయే ప్రత్యుత్తరమైన ఘట్టము మన చరిత్రలో ఇది.

ఇంటిపేరు ముందా, వెనుకనా?

వ్రాత స్థిరపడినను మరియొక ప్రశ్న మిగిలియుండును. పేరులో ఏ మాటను ముందు పెట్టవలెను? అకారాది క్రమములో పట్టిక వ్రాయువానికి ఇదియే ముఖ్యము. ఆంగ్లేయుల వంశనామము పేరునకు చివర నుండును. దానిని ముందునకు తెచ్చి పట్టికలో వ్రాయుట వారి ఆచారము. తెలుగువారి ఇంటిపేరు మొదటనే యుండును. చివరనుండు రావు, రెడ్డి, శాస్త్రి మొదలైనవి వంశనామములు కావు. ఈ భేదము నెరుగక చివరిమాటను ముందునకు తెచ్చినచో ఏమగునో చూడుడు. మాడపాటి హనుమంతరావుగారు, బూర్గుల రామకృష్ణారావుగారు, కొమర్రాజు లక్ష్మణరావుగారు, కాళోజీ నారాయణరావుగారు అందరును ‘రావు’ అను ఒక్క అరలో గుమిగూడుదురు. సురవరము వారును, సింగిరెడ్డి వారును ‘రెడ్డి’ అను మరియొక అరలో చేరుదురు. అప్పుడు వెదకుట గడ్డివామిలో సూదిని వెదకుటయే.

ఇంటిపేరును ముందుంచినను అంతటితో చిక్కు తీరదు. దాశరథి కృష్ణమాచార్యులుగారును, దాశరథి రంగాచార్యులుగారును అన్నదమ్ములు, ఇద్దరును గ్రంథకర్తలు. ‘దాశరథి’ యని మాత్రము వ్రాసినచో ఎవరి గ్రంథమో తెలియదు. శ్రీరంగము శ్రీనివాసరావుగారిని శ్రీశ్రీ యనియే లోకమెరుగును. ఆరుద్రగారి అసలు పేరు భాగవతుల సదాశివశంకరశాస్త్రి యని తెలిసిన పాఠకులు ఎందరు? సింగిరెడ్డి నారాయణరెడ్డిగారి పేరును ఆంగ్లములో పొడి అక్షరముతో వ్రాయునప్పుడు ‘సి’ కలదు, తెలుగులో ఇంటిపేరు ‘సిం’తో మొదలగును, జనులు సినారె యందురు. ఒక్క మహాకవికి మూడు అరలు!

చూడుము అను చీటీ

ఈ ప్రశ్నను ప్రపంచమున మొదట లోతుగా ఆలోచించినవారు గ్రంథాలయములవారే. లండనులోని బ్రిటిషు మ్యూజియము గ్రంథాలయమున ఆంటోనియో పానిజ్జీ యను ఇటలీ దేశీయుడు పనిచేయుచు, గ్రంథసూచిక తయారుచేయుటకు 91 నియమములను కూర్చెను. అవి 1841లో ప్రకటితమైనవి. ఒక సూచికకు ఇన్ని నియమములేల యని ఆనాడు ఆక్షేపించినవారు కలరు. వ్రాయువారు పలువురు అయినప్పుడు, పని పలు సంవత్సరములు సాగునప్పుడు, ముందుగా నియమము లేనిదే పట్టిక నిలువదని ఆయన యెరుగును. అమెరికాలో చార్లెస్ కట్టర్ 1876లో తన నియమావళిని ప్రకటించెను. మన దేశమున షియాలి రామామృత రంగనాథన్‌గారు 1931లో గ్రంథాలయ శాస్త్రమునకు పంచసూత్రములను ప్రతిపాదించి, 1934లో సూచికా నియమావళిని వెలువరించిరి. ఆయన పేరులోనే ఆ ప్రశ్న కలదు. షియాలి ఆయన ఊరు. రామామృతము ఆయన తండ్రి. రంగనాథన్ ఆయన పేరు. వంశనామమను మాటకు అందు చోటే లేదు.

1961 అక్టోబరులో పారిస్ నగరమున నానాదేశముల గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమై ఒక ఒప్పందమునకు వచ్చిరి. గ్రంథకర్త పేరులో ఏ మాటను ముందుంచవలెనో ఆ గ్రంథకర్త దేశాచారమును బట్టి, సాధ్యమైనంతవరకు, నిర్ణయింపవలెనని వారి భావము. అనగా తెలుగు పేరునకు ఆంగ్ల నియమము వర్తింపదు. తెలుగువారి వాడుకయే ప్రమాణము. ఇది చిన్న విషయముగా కనబడును గాని, పేరుగలవాని ఆచారమును పట్టిక గౌరవింపవలెను గాని, పట్టిక సౌకర్యమునకై మనిషి తన పేరును మార్చుకొనరాదను న్యాయము ఇందు కలదు.

గ్రంథాలయముల వారు కనిపెట్టిన రెండవ ఉపాయము ఇంకను గొప్పది. అది ‘చూడుము’ అను చీటీ. శ్రీశ్రీ యను రూపమును ప్రధానముగా గ్రహించితిమనుకొందము. అప్పుడు శ్రీరంగము శ్రీనివాసరావు అను రూపమును కొట్టివేయరు. దానికొక చీటీ వ్రాసి, ‘శ్రీశ్రీ చూడుము’ అని సూచింతురు. పాఠకుడు ఏ పేరుతో వచ్చినను అతనిని సరియైన అరకు చేర్తురు. ప్రధానరూపము ఒకటియే, తక్కినవి తప్పులు కావు, దారులు. ఈ ఒక్క సూత్రమును ప్రభుత్వ కార్యాలయములు గ్రహించియుండినచో ప్రజల కష్టములో సగము తీరియుండెడిది.

మన తెలుగునాట గ్రంథాలయోద్యమము ఈ క్రమశిక్షణను ఊరూరికిని తెచ్చినది. 1914 ఏప్రిల్ 10వ తేదీన విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. అయ్యంకి వేంకటరమణయ్యగారు దానికి ప్రాణము. హైదరాబాదు రాష్ట్రమున 1955లోను, ఆంధ్రప్రదేశమున 1960లోను గ్రంథాలయ శాసనములు వచ్చినవి. ప్రభుత్వ గ్రంథాలయములలో చేరికపట్టిక, చందాదారుల పట్టిక, సూచిక అను మూడింటిని నియమముగా నడుపు ఆచారము స్థిరపడినది. మన వంటి చిన్న గ్రంథాలయములు ఆ మర్యాదనే అనుసరించుచున్నవి. లేదా, నేను పైన చెప్పిన పొరపాటు తరువాత అనుసరించుట నేర్చుకొన్నవి.

ఆడపడుచు పేరు

నారాయణగూడలో మాడపాటి హనుమంతరావుగారి పేరుతో నేటికిని వెలయుచున్న బాలికల పాఠశాల 1928లో ప్రారంభమైనది. బాలికలకు తెలుగు మాధ్యమమున ఉన్నత విద్య చెప్పవలెనని పెద్దలు పూనుకొని నెలకొల్పినది అది. నిజాము రాజ్యమున ఉర్దూయే బోధనభాషగా నున్న దినములవి. ఒక తెలుగు బాలిక పేరు తెలుగు పాఠశాల హాజరుపట్టీలో ఎక్కుట ఆనాడు సామాన్య విషయము కాదు.

అయితే బాలికల పేర్లయందు ఒక ప్రత్యేక చిక్కు కలదు. వివాహమైనచో ఇంటిపేరు మారును. పాఠశాలలో తండ్రి ఇంటిపేరు. రేషను కార్డులో భర్త ఇంటిపేరు. కొన్ని ఇండ్లలో అత్తవారు పెట్టుపేరు కూడ వేరు. చదివిన స్త్రీకి తన చదువే తనది కాదన్నట్లు రుజువు చూపుకొనవలసి వచ్చును. ఆస్తి విషయమున ఇది ఇంకను బరువైనది. ఆంధ్రప్రదేశ్ చట్టసవరణ వలన 1986లోను, కేంద్ర చట్టసవరణ వలన 2005లోను హిందూ కుటుంబముల ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కుమారులతో సమానమైన హక్కు కలిగినది. హక్కు చట్టములో వ్రాయబడినది. కాని హక్కుదారు తాను ఆ తండ్రికి కూతురునని కాగితములతో చూపవలెను. తండ్రి ఇంటిపేరునకును భర్త ఇంటిపేరునకును నడుమ ‘చూడుము’ అను చీటీ ఏ కచేరీలోను లేదు. ఆ చీటీ లేకపోవుటచే ఆడపడుచు తన పుట్టినింటి గడపవద్దనే నిలిచిపోవచ్చును.

యంత్రము వచ్చిన తరువాత

ఇక నేటి కాలమునకు వత్తము. కాగితపు పట్టికల స్థానమున కంప్యూటరు పట్టికలు వచ్చినవి. కంప్యూటరు వేగము గొప్పది. కాని తపాలా బంట్రోతునకున్న తెలివి దానికి లేదు. ప్రత్యేకముగా నేర్పనిదే, ఒక్క అక్షరము తేడా యున్నను ఇద్దరు మనుష్యులనియే అది భావించును. మన పేర్లను అందు ఆంగ్లాక్షరములతో ఎక్కించుట వలన చిక్కు పెరిగినది. సీత యను చిన్న పేరును చూడుడు. ‘సీ’ని ఒక ‘ఐ’తో వ్రాయువారు కలరు, రెండు ‘ఇ’లతో వ్రాయువారు కలరు. ‘త’ను ఉత్త ‘టి’తో వ్రాయువారు కలరు, ‘హెచ్’ చేర్చి వ్రాయువారు కలరు. రెండు రెండ్ల నాలుగు. రెండక్షరముల పేరునకే నాలుగు రూపములు. లక్ష్మిని ‘ఎక్స్’తో వ్రాయువారు, ‘కె, ఎస్, హెచ్’లతో వ్రాయువారు ఉన్నారు. సీతామహాలక్ష్మి యని పేరున్న సోదరి గతి యేమని చెప్పుదును!

తెలుగు లిపిలో వ్రాసినంతనే చిక్కు పూర్తిగా తీరునని భ్రమపడరాదు. 1991లో వెలువడిన యూనికోడ్ ఏర్పాటున తెలుగక్షరములకు ప్రత్యేక సంఖ్యలు లభించినవి, అది మహోపకారము. కాని అశోక్‌నగర్ అను పేరును కలిపి వ్రాయునప్పుడు, కకారపు పొల్లు నకారముతో కలిసి సంయుక్తాక్షరము కాకుండుటకు, నడుమ కంటికి కనబడని ఒక గుర్తును వాడుదురు. చూచువానికి ఏమియు తెలియదు. కంప్యూటరునకు మాత్రము అదియు ఒక అక్షరమే. గుర్తున్న అశోక్‌నగర్ వేరు, ఎడమున్న అశోక్ నగర్ వేరు. పాతకాలపు మూడవ చిక్కు కనబడని రూపమున మరల వచ్చినదన్నమాట.

2010 సెప్టెంబరులో ఆధార్ సంఖ్యల జారీ ప్రారంభమైనది. 12 అంకెల సంఖ్య మనిషికి ఒక్కటే గనుక పేర్ల తగవు తీరునని తోచును. కాని సంఖ్యతోపాటు పేరును కూడ సరిచూచు చోట్ల పాత ప్రశ్న అట్లే నిలిచియున్నది. పోటీ పరీక్షల దరఖాస్తులో పదవ తరగతి ధ్రువపత్రమున ఉన్నట్లే పేరు వ్రాయుమని కోరుట పరిపాటి. ఆ ధ్రువపత్రములోని పేరు బడి ప్రవేశపట్టీనుండి వచ్చినది. ప్రవేశపట్టీలోని పేరు, అయిదేండ్ల బిడ్డను చేయిపట్టుకొని తీసికొనిపోయిన నాడు తండ్రి నోటితో చెప్పగా పంతులుగారు విని వ్రాసినది. అశోక్‌నగర్ గదిలో రాత్రింబవళ్లు చదివి పరీక్ష గెలిచిన యువకునికి, ధ్రువపత్రముల పరిశీలన దినమున, ఇరువదియేండ్ల క్రిందట ఒక నిమిషములో వ్రాయబడిన ఆ అక్షరము ఎదురు వచ్చి నిలుచును.

భూమి విషయమును అంతే. తెలంగాణమున 2017లో భూరికార్డుల ప్రక్షాళన ప్రారంభమైనది. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చినది. 2025లో దానిస్థానమున భూభారతి వచ్చినది. కాగితము నశించినను లెక్క నిలుచును, ఇది మేలు. కాని పాత పహాణీలోని వ్రాత తప్పు కంప్యూటరులోనికి ఎక్కినచో అది తప్పు వలె కాక, అచ్చువేసిన సత్యము వలె కనబడును. చేతివ్రాతను అనుమానించువారు కూడ అచ్చును అనుమానింపరు.

దీనికి మందు లేకపోలేదు. 1918లో అమెరికాలో రాబర్ట్ రస్సెల్ అనునతడు ఒకే ధ్వనిగల పేర్లను ఒకచోట చేర్చు ఒక పద్ధతికి హక్కుపత్రము పొందెను. అక్షరములు వేరైనను పలుకు ఒకటియైన పేర్లు ఒకే సంకేతము క్రిందికి వచ్చును. 2003లో కొన్ని దేశముల పెద్ద గ్రంథాలయములు కూడి, ఒక గ్రంథకర్తకు వేర్వేరు దేశములలోనున్న నామరూపములన్నింటిని ఒకే సంఖ్య క్రింద కూర్చు పనికి పూనుకొన్నవి. ఇది పాత ‘చూడుము’ చీటీయే. యంత్రమునకు తగినట్లు మారినది. పుస్తకము వ్రాసినవానికి లభించిన ఈ ఆదరము పొలము దున్నినవానికి ఏల లభింపరాదు?

మనము చేయదగినది

ఈ చరిత్రనుండి గ్రహింపదగినవి నాలుగు మాటలు. పేరునకు ఒక ప్రధానరూపమును ముందుగా నిర్ణయించుకొనవలెను. తక్కిన రూపములను చెరపివేయక, ప్రధానరూపమునకు దారి చూపునట్లు పట్టికలో నిలుపవలెను. ఒకే పేరుగల ఇద్దరిని ఒక్కరుగా కలుపకుండుటకు తండ్రి పేరు గాని, తల్లి పేరు గాని, పుట్టిన సంవత్సరము గాని చేర్చవలెను. సవరించినప్పుడు పాతదానిని కనబడనీయక దిద్దక, ఎవరు ఎన్నడు సవరించినదియు వ్రాయవలెను. వీనికి ధనము అక్కరలేదు, శ్రద్ధ కావలెను.

తల్లిదండ్రులకు ఒక మనవి. జననముల నమోదు చట్టము 1969 నాటిది. బిడ్డ పుట్టిన వెంటనే పేరు నిర్ణయింపకపోయినను జననము నమోదగును. పేరును తరువాత చేర్పించుకొనుటకు వీలు కలదు. పలువురు ఆ పేరును చేర్పించుటయే మరచుచున్నారు. 2023 అక్టోబరు 1వ తేదీనుండి పుట్టిన బిడ్డలకు బడిలో చేరుట మొదలు పెక్కు పనులకు పుట్టిన తేదీని, స్థలమును రుజువుచేయుటకు జనన ధ్రువపత్రమే ఆధారముగా సవరణ వచ్చినది. కావున బిడ్డ పేరును తెలుగులోను ఆంగ్లములోను ఏ అక్షరములతో వ్రాయవలెనో ఇంటివారందరును కూర్చుండి నిర్ణయించి, ఒక చీటీమీద వ్రాసికొని, బడికిని, కచేరీకిని, బ్యాంకునకును అదే చీటీని పట్టుకొనిపోవుడు. నోటితో చెప్పకుడు, చీటీ చూపుడు. వ్రాయు గుమాస్తాగారికిని అది సాయమే యగును. వ్రాసిన పిమ్మట ఒక్కమారు చదివించి వినుడు. చదువురాని పెద్దలకు ఈ పని చేసిపెట్టుటకు మన గ్రంథాలయమునకు ప్రతి సాయంకాలము వచ్చు విద్యార్థులు కలరు; వారిని అడుగుటకు సంకోచింపకుడు.

మన చందాదారుల పట్టికను ఇప్పుడు క్రొత్తగా వ్రాసితిమి. ప్రతి పేరును ఆ పేరుగలవారిచేతనే వ్రాయించితిమి. వ్రాయలేనివారు చెప్పినదానిని వ్రాసి, వారికి చదివి వినిపించితిమి. ఊరిలో పిలుచు పేరు వేరుగా నున్నచో ప్రక్కగడిలో దానిని గూడ ఎక్కించితిమి. పని ముగియుటకు మూడు నెలలు పట్టినది. నేను మొదట చెప్పిన పెద్దమనిషి ఇంటికి పట్టిక తీసికొని నేనే పోయితిని. ఆయన కలమును చేతబట్టి, నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరము కూడబలుకుకొనుచు తన పేరును వ్రాసెను. మేము వ్రాసిన రెండు రూపములలో ఏదియు అది కాదు, మూడవది. ‘మా అమ్మ పెట్టిన పేరు ఇది’ అని చెప్పెను.

ఆయన ఇప్పుడు మరల పుస్తకములు తీసికొని పోవుచున్నాడు. రానున్న 25 ఏండ్లలో మన గ్రంథాలయమున ఎన్ని వేల పుస్తకములు చేరునో నాకు తెలియదు గాని, ఏ ఒక్కరి పేరును వారిని అడుగకుండ వ్రాయకుండునట్లు కార్యకర్తలు పాటింతురుగాక యని కోరుచు ముగించుచున్నాను.